తుడవని జాబితా

ఫిబ్రవరి 2

డైరీ రాసే అలవాటు నాకు లేదు. ఏ రోజు ఏం చదివారో రోజూ రాసుకోండి అని నెట్‌వర్క్ పరీక్ష పుస్తకం మొదటి పేజీలోనే ఉంది కాబట్టి మొదలుపెట్టాను.

మూడు స్విచ్‌లు ఇంటికొచ్చాయి. ఇరవై నాలుగు పోర్టుల నెట్‌వర్క్ స్విచ్‌లు, అంటే కంప్యూటర్ల తీగలు గుచ్చే పెట్టెలు, పాతవి, ఒక్కోటి ఎత్తితే నడుము పట్టేసేంత బరువు. మా పార్సిళ్ళ గోదాములో తుక్కు సామాను కింద మూలుగుతుంటే బాబాయి చీటీ రాసి ఇప్పించాడు. చీటీలో కారణం దగ్గర "చదువు కొరకు" అని రాశాడు. మేనేజరు సంతకం పెడుతూ నా తెల్ల వెంట్రుకల వంక చూశాడు. చూసుకోనీ. నలభై దాటినవాళ్ళు పరీక్ష రాయకూడదని ఎక్కడా లేదు.

బాబాయి అంటే నా సొంత బాబాయి కాదు, గోదాములో అందరికీ బాబాయే. నెట్‌వర్క్ మొత్తం చూసేది ఆయనొక్కడే. పదకొండేళ్ళ కిందట నేను కేబుళ్ళు లాగే పనికి చేరినప్పుడు తీగ చివర ఎనిమిది రంగులూ ఏ వరసలో పేర్చాలో పక్కన కూర్చుని నేర్పాడు. ఏప్రిల్ ఆఖరుకి ఆయన మానేస్తాడు. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టాలని ఆయనకే ఎక్కువ తొందర. సర్టిఫికెట్ ఉంటేనే ఇస్తారు. పరీక్ష మార్చి 14న.

ఇంట్లో వేరే చోటు లేక ల్యాబు ఆడపడుచు కుట్టు మిషను గదిలో పెట్టాను. మా ఆయన తన ఫొటో ఫ్రేముల కొట్లోంచి మిగిలిన చెక్క తెచ్చి మూడరల స్టాండు చేసిచ్చాడు. అంచులకు బంగారు రంగు పూత. మూడు స్విచ్‌లూ ఫొటోల్లా దర్జాగా కూర్చున్నాయి. ఒకేసారి ఆన్ చేస్తే ఆ ఫ్యాన్ల హోరుకి ఆడపడుచు కత్తెర కింద పడేసింది.

"వదినా, ఇది చదువా, పిండి మరా?"

ఫిబ్రవరి 3

గుడ్డల దూది ఫ్యాన్లలోకి పోతోంది. పాత చున్నీ అడ్డం కట్టాను.

ఫిబ్రవరి 6

అయిదింటికి లేచి ఏడింటిదాకా. జాబితాలు పెట్టడం, తీసెయ్యడం, మళ్ళీ పెట్టడం. ఈ వారంలో వంద సార్లు పైనే చేసి ఉంటాను. వేళ్ళకు వచ్చేయాలి, బుర్రతో పని ఉండకూడదు.

ఆడపడుచుకి నిద్ర ఎలాగూ పాడైంది, ఆ జాబితా ఏంటని అడిగింది. చెప్పాను. గోదాములో ఉన్నవి ఒకే తీగలు. వాటి మీదే స్కానర్లకో దారి, కెమెరాలకో దారి, ఆఫీసుకో దారి విడదీసి, దారికో నంబరు వేస్తాం. ఆ నంబర్ల జాబితా ప్రతి స్విచ్‌లోనూ ఉంటుంది. జాబితాలోంచి నంబరు పోతే ఆ దారి మూసుకుపోయినట్టే.

"మరి ఇరవై పెట్టెలుంటే ఇరవైట్లోనూ రాస్తూ కూర్చుంటారా?"

"ఒకదాంట్లో రాస్తే మిగతావి చూసి రాసుకుంటాయి."

"మీ గోదాములో మనుషులకంటే అవే నయం" అంది.

నిజమే కానీ ఒప్పుకోలేదు.

ఫిబ్రవరి 11

ఈ రోజు గురించి రేపు రాస్తాను. కాళ్ళు పీకుతున్నాయి.

ఫిబ్రవరి 12

నిన్న ఉదయం పదింటికి ముందు మూడో షెడ్డులో స్విచ్ చచ్చిపోయింది. ఆ షెడ్డు స్కానర్లన్నీ గుడ్డివైపోయాయి. లారీలు బారులు తీరాయి. మేనేజరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. స్టోరులో స్పేరు లేదు. ఉన్న మూడూ మా ఇంట్లోనే ఉన్నాయి కదా.

"నా దగ్గరుంది సార్, అరగంటలో తెస్తాను" అన్నాను. అంతమందిలో ఆ మాట అన్నప్పుడు నాకెంత గొప్పగా అనిపించిందో ఇక్కడైనా ఒప్పుకుంటాను.

ఇంటికెళ్ళాను. పై అరలోది తీశాను. దాని సెట్టింగులు తుడిచే కమాండ్ కొట్టాను, ఆఫ్ చేసి ఆన్ చేశాను. తెర మీద ఖాళీగా వచ్చింది. కొత్త పెట్టెలా. మూడో షెడ్డుకి కావలసిన నాలుగు సెట్టింగులూ కొట్టి, చంకలో పెట్టుకుని పరిగెత్తాను.

బాబాయి ఆఫీసులో, షెడ్ల తీగలన్నీ వచ్చి కలిసే పెద్ద స్విచ్ దగ్గర కూర్చున్నాడు, నేను షెడ్డులో నిచ్చెన మీద ఉన్నాను. ఫోన్లో, "బాబాయ్, పన్నెండో పోర్టు తెరవండి" అన్నాను.

"తెరిచా అమ్మాయ్. కానియ్."

తీగ గుచ్చాను. పచ్చ లైటు వెలిగింది. కింద లోడింగు వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే రెండో షెడ్డులో పార్సిళ్ళు మోసే బెల్టు ఆగింది. తర్వాత ఒకటో షెడ్డు. తర్వాత గేటు. తర్వాత ఆఫీసులో ఫోన్లు. మొత్తం గోదాము నోరు మూసుకుంది.

పెద్ద స్విచ్‌లో జాబితా లేదు. ఒక్క నంబరు కూడా లేదు, ఏ స్విచ్‌లోనూ లేదు. చివరిసారి ఎవరు మార్చారని చూస్తే అడ్రసు దగ్గర అన్నీ సున్నాలు, తేదీ ఎప్పటిదో ముప్పై ఏళ్ళ కిందటిది. బాబాయి పాత నోటుబుక్కులోంచి ఒక్కో నంబరూ వెతికి మళ్ళీ కొడితే నాలుగు గంటలు పట్టింది. నేను పక్కన నిలబడి చదివి చెప్పాను. ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది.

కరెంటు దెబ్బ అయి ఉంటుంది. మూడో షెడ్డు స్విచ్‌ని చంపిందే మిగతావాటినీ కొట్టి ఉంటుంది.

నేను తుడిచే తీసుకెళ్ళాను.

ఫిబ్రవరి 13

మేనేజరు గదిలో మీటింగు. 10:42కి జాబితా పోయింది. ఆ సమయానికి పెద్ద స్విచ్‌లో లాగిన్ అయి ఉన్నది బాబాయి ఒక్కడే. కాగితం మీద పేరు, నిమిషాలతో సహా ఉంది.

"నేను పోర్టు తెరిచాను సార్. అంతే" అన్నాడు బాబాయి.

"అంతే చేశారని గ్యారంటీగా చెప్పగలరా? పొరపాటున ఇంకేదీ కొట్టలేదని?"

బాబాయి తన రెండు చేతుల వంకా చూసుకున్నాడు. అవి తనవో కావో తేల్చుకుంటున్నట్టు చాలాసేపు చూసుకున్నాడు.

"అరవై రెండేళ్ళవాణ్ణి, గ్యారంటీ ఎలా ఇస్తాను సార్? ఏదో కొట్టే ఉంటాను. గుర్తు రావట్లేదు."

అదే రాయించి సంతకం పెట్టించుకున్నారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే, పెట్టె తుడిచి తెచ్చానని.

ఫిబ్రవరి 15

తుడిచాను. కమాండ్ కొట్టాను, "నిజంగా తుడవాలా" అని అడిగింది, ఎంటర్ కొట్టాను. బాగా గుర్తుంది.

ఫిబ్రవరి 19

బాబాయిని స్టోరుకి మార్చారు. ఏప్రిల్ దాకా కీబోర్డు ముట్టుకోవద్దన్నారు. పెద్ద స్విచ్ పాస్‌వర్డు నా చేతికిచ్చారు, తాత్కాలికంగా. ఆయనే కాగితం మీద రాసి ఇచ్చాడు. "మంచిదే అయింది, ఇప్పట్నుంచే అలవాటవుతుంది నీకు" అన్నాడు.

ప్రతి జాబితాకీ ఒక లెక్క నంబరు ఉంటుంది, ఎన్నిసార్లు మారిందో చెప్పేది. పెద్ద స్విచ్‌లో అది చూడాలంటే ఒక్క కమాండ్ చాలు. చూడలేదు. పనులు బోలెడున్నాయి.

ఫిబ్రవరి 22

ఎనిమిదో అధ్యాయం అయింది. తొమ్మిది వదిలేసి పది మొదలుపెట్టాను. తొమ్మిదిలో ఎలాగూ మార్కులు తక్కువ.

ఫిబ్రవరి 24

పది, పదకొండు. కూర్చోలేకపోతున్నాను. రెండు పేజీలు చదవడం, లేచి గిన్నెలు సర్దడం, మళ్ళీ రెండు పేజీలు. మా ఆయన "కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతున్నావు" అన్నాడు. మురికిగా ఉన్నాయన్నాను.

ఫిబ్రవరి 27

ఆడపడుచు మీద అరిచాను.

ఆమె తప్పేం లేదు. రోజూ మిషను ముందు కూర్చుని, కాలు ఆడిస్తూనే, పుస్తకంలోంచి ప్రశ్నలు అడుగుతుంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా వార్తలు చదివినట్టు దర్జాగా చదువుతుంది. ఈ రోజు ఏ పేజీ తెరుచుకుంటే అది చదివింది.

"వాడిన స్విచ్ ఒకదాని సెట్టింగులు తుడిచి, నడుస్తున్న నెట్‌వర్కుకి కలిపారు. వెంటనే మిగతా స్విచ్‌లలోని జాబితా మాయమైంది. కారణం ఏమై..."

"అది వద్దు."

"ఎందుకు? తొమ్మిదో పాఠం, ప్రశ్న నాలుగు. కారణం ఏమై ఉండవచ్చు? ఎ..."

"వద్దన్నానా! ఆ పాఠం నేనింకా చదవలేదు!"

"పన్నెండో పాఠంలో ఉన్నావు కదా వదినా."

పుస్తకం లాక్కున్నాను. పేజీ చిరిగింది. ఆమె మిషను వైపు తిరిగి కుట్టుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది నా వాలకం. నాకు తెలుస్తూనే ఉంది.

మార్చి 1

ఆదివారం. తొమ్మిదో అధ్యాయం చదివాను. మొత్తం ఆరు పేజీలు.

తర్వాత స్టాండు మీద మిగిలిన రెండు స్విచ్‌లూ తీసి బల్ల మీద పెట్టాను. ఒకటి గోదాము అనుకున్నాను. దాంట్లో ఎనిమిది నంబర్ల జాబితా రాశాను. రెండోది నెల రోజులుగా నా చేతుల్లో నలిగినది, నేను పట్టుకెళ్ళినదానికి తోబుట్టువు. ఆ రోజు చేసినట్టే దాని సెట్టింగులు తుడిచాను. ఆఫ్, ఆన్. తెర ఖాళీ. రెంటినీ ఒక తీగతో కలిపాను.

గోదాము పెట్టెలో జాబితా అడిగాను. లేదు.

రెంటినీ ముందున్నట్టే చేసి మళ్ళీ రాశాను, మళ్ళీ కలిపాను. లేదు.

ఏడోసారికి ఆడపడుచు లేచొచ్చి నా వెనక నిలబడింది. పుస్తకం లాక్కున్న రోజు నుంచి మాటల్లేవు మా మధ్య.

"ఏం చేస్తున్నావు వదినా?"

చెప్పాను. సెట్టింగులు ఒక చోట ఉంటాయి, జాబితా వేరే చోట ఉంటుంది. నేను తుడిచింది సెట్టింగుల్ని. జాబితాని తుడవడానికి వేరే కమాండ్ ఉంది, అది నేను కొట్టలేదు. అలాంటిదొకటి ఉందనే నాకు తెలియదు. జాబితాతోపాటు దాని లెక్క నంబరూ లోపలే ఉండిపోయింది. ఒకే గుంపు పేరున్న స్విచ్‌లు కలిస్తే ఎవరి నంబరు పెద్దదో వాళ్ళ జాబితానే కొత్తదని మిగతావి నమ్ముతాయి. తమది చెరిపేసి దాన్ని రాసుకుంటాయి. బాబాయి నోటుబుక్కు లెక్కన గోదాము జాబితా ఏళ్ళ తరబడి పదిహేడుసార్లు మారింది. నా పెట్టె గోదాముదే కాబట్టి గుంపు పేరు అదే. దాంట్లో నేను రోజూ పొద్దున్నే రాసి చెరిపి, రాసి చెరిపి రెండొందలు దాటించాను. పట్టుకెళ్ళేనాటికి నేను అన్నీ చెరిపేసే ఉన్నాను. లోపల ఖాళీ జాబితా.

"అంటే, ఏమీ లేనిదే పెద్దరికం చేసిందన్నమాట."

"ఊఁ."

ఆడపడుచు నా తల మీద చెయ్యి వేసింది. "మరి ఆ బాబాయి?"

ఇంకో నాలుగుసార్లు చేశాను. పదకొండుసార్లూ పోయింది.

మార్చి 2

ఆఫీసులో పెద్ద స్విచ్‌లో ఆ ఒక్క కమాండ్ కొట్టాను. నంబరు 236.

పదిహేడు ఉండాల్సిన చోట.

మార్చి 3

పరీక్ష అయ్యాక చెబుతాను. పదకొండు రోజులు. ఇప్పుడు చెబితే పరీక్ష రాయనివ్వరని కాదు, రాసే మనసు ఉండదు. బాబాయి ఎలాగూ ఏప్రిల్లో మానేస్తాడు. ఆయన జీతం తగ్గలేదు. స్టోరులో కుర్చీ కూడా బాగుంటుంది, కిటికీ పక్కన. ఇప్పుడు చెప్పి ఇద్దరం మునగడం కంటే ఒకరు ఒడ్డున పడటం నయం కదా. ఆయనే అంటాడు ఆ మాట.

ఆడపడుచు "చెప్పెయ్ వదినా" అంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నాను. ఇక్కడ కంద ఎవరు, కత్తిపీట ఎవరు అని అడిగింది.

మార్చి 5

క్లిప్పులు కావాలని స్టోరుకెళ్ళాను. బాబాయి బీరువా తాళం వేశాడు, లాగి చూశాడు, నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూశాడు. బల్ల మీద చిన్న చిన్న చీటీలు ఉన్నాయి. "బీరువా తాళం వేశాను, 9:10." "ఇంటి గ్యాస్ కట్టేశాను, 8:05." "క్లిప్పులు రెండు ప్యాకెట్లు ఇచ్చాను." నాకిచ్చినట్టూ ఒకటి రాశాడు.

"ఏంటి బాబాయ్ ఇవన్నీ?"

"ఏం లేదమ్మాయ్, జాగ్రత్త." నవ్వాడు. తర్వాత తలుపు వంక చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "ఆ రోజు ఫోన్లో నేను నీతో ఎలా మాట్లాడాను? ఏమన్నా తేడాగా అనిపించిందా నీకు? నిజం చెప్పు."

చెప్పడానికి అదే సమయం. ఎవరూ లేరు. నోటిదాకా వచ్చింది.

"తేడా ఏం లేదు బాబాయ్" అన్నాను. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు, ఇంకా ఏదో కావాలి ఆయనకి. "కొంచెం అలసటగా ఉన్నారేమో" అన్నాను.

తల ఊపాడు. "అదే, అదే అనుకున్నా" అన్నాడు.

ఎందుకన్నానో తెలియదు. తెలుసు. ఊరికే ఉంటే అబద్ధం సగమే ఉండేది, ఆ మాటతో నిండింది. నా మీద నాకే రోత పుడుతోంది.

మార్చి 6

నిన్నటి పేజీ చింపుదామనుకున్నాను. వెనక పేజీలో కమాండ్ల పట్టిక ఉంది.

మార్చి 9

చదివాను.

మార్చి 11

బాబాయి రెండు రోజులుగా రావట్లేదు. ఈ రోజు ఆయన కూతురు సెలవు కాగితం ఇవ్వడానికి వచ్చింది. స్కూల్లో టీచరు, ఎప్పుడో ఒకసారి చూశాను. నన్ను గుర్తుపట్టి పక్కకు పిలిచింది.

"అక్కా, మీరు రోజూ చూస్తారు కదా, నాన్న ఆఫీసులో కూడా మర్చిపోతున్నారా? ఇంట్లో అయితే మాకేం కనపడలేదు. ఆయనే, గోదాములో ఏదో చేసి మర్చిపోయాను, నా బుర్ర పోతోంది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని గొడవ. మతిమరుపు పరీక్షంటూ డాక్టరు గడియారం బొమ్మ గియ్యమన్నారు. బాగానే గీశారు కానీ మూడుసార్లు చెరిపి గీశారు. అంత భయం. మాత్రలు మొదలుపెట్టారు. అవి వేసుకున్నప్పట్నుంచీ పగలంతా నిద్రే."

నేనేం చెప్పానో రాయను. ఏమీ చెప్పలేదు, అందుకని రాయను.

తేలు కుట్టిన దొంగలా వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఆయన కుర్చీలో.

మార్చి 12

రెండు రోజులు. ఇంకా రెండు రోజులే కదా.

మార్చి 14

పాసయ్యాను.

ముప్పై ఒకటో ప్రశ్న అదే. వాడిన స్విచ్, నడుస్తున్న నెట్‌వర్కు, జాబితా మాయం. గదిలో అందరూ గడ్డాలు గోక్కుంటున్నారు. నేను చదవడం పూర్తిచెయ్యకముందే చెయ్యి సరైన జవాబు మీద నొక్కేసింది. వేళ్ళకు వచ్చేయాలనుకున్నాను, వచ్చేసింది.

బయటికొస్తే మా ఆయన, ఆడపడుచు నిలబడి ఉన్నారు. మా ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆడపడుచు "బాగుంది" అంది, అంతే. ఇంటికెళ్ళాక సర్టిఫికెట్‌కి ఫ్రేము కొలత తీసుకుంటానన్నాడాయన. వద్దన్నాను. ఎందుకని అడిగితే ఏడుపొచ్చింది. పదిహేను రోజులుగా కడుపులో దాచుకున్నది మొత్తం ఆయనకి చెప్పాను.

కొలత టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "రేపు ఆదివారం. ఇంట్లోనే ఉంటాడు మనిషి" అన్నాడు.

మార్చి 15

ఆడపడుచు రెండు స్విచ్‌లనూ పాత పరుపు గుడ్డల్లో చుట్టి సంచుల్లో పెట్టింది. మా ఆయన స్కూటరు మీద రెండు విడతలుగా చేర్చాడు, ముందు సంచులు, తర్వాత నన్ను. "నేను కిందే ఉంటాను" అన్నాడు.

బాబాయి కూతురు తలుపు తీసింది. ఆయన కుర్చీలో కునుకుతున్నాడు. వారంలోనే గడ్డం మాసిపోయింది, చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"పాసయ్యావంటగా అమ్మాయ్! కూర్చో, కూర్చో."

"బాబాయ్, జాబితా తీసేసింది మీరు కాదు. నేను."

దారంతా వేరే మాటలు పేర్చుకున్నాను. అవేవీ రాలేదు. ఆయనకి అర్థం కాలేదు. నన్ను ఓదార్చబోయాడు కూడా. "ఊరుకో, ఇప్పుడెందుకు అదంతా, నా పొరపాటుకి నువ్వెందుకు..."

నేను సంచులు విప్పాను. భోజనాల బల్ల మీద రెండు స్విచ్‌లూ పెట్టాను, తీగలు కలిపాను. ఫ్యాన్ల హోరుకి ఆయన కళ్ళు తెరుచుకున్నాయి. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. చేసి చూపించాను. జాబితా ఉంది, తీగ గుచ్చాను, జాబితా లేదు.

"మళ్ళీ చెయ్యి" అన్నాడు.

మళ్ళీ చేశాను.

"జరుగు." కీబోర్డు తన ముందుకు లాక్కున్నాడు. ఎనిమిది నంబర్లూ ఆయనే కొట్టాడు, ఒక్క తప్పు లేకుండా, గోదాములో ఉన్న వరసలోనే. తీగ ఆయనే గుచ్చాడు. లెక్క నంబరు చూశాడు, అడ్రసు దగ్గర సున్నాలు చూశాడు, ముప్పై ఏళ్ళ కిందటి తేదీ చూశాడు. ఆ తేదీ మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు. టైము పెట్టని పెట్టె ఆ తేదీయే చూపిస్తుందని ఆయనకు నేను చెప్పనక్కర్లేదు.

"ఇలా రా" అని కూతుర్ని కేకేశాడు. ఆమె వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "చూడవే! నేను కాదు! పోర్టు తెరిచాను, అంతే. అంతే చేశానని చెప్పాను కదా మొదట. నా బుర్ర బాగానే ఉంది!"

ఆమె ఆయన భుజం పట్టుకుని ఏడ్చేసింది. ఆయన నవ్వుతున్నాడు, చిన్నపిల్లాడిలా బల్ల మీద కొడుతున్నాడు. నాకూ నవ్వొచ్చింది. ఒక్క నిమిషం ముగ్గురం సంతోషంగా ఉన్నాం. ఆ నిమిషం నాది కాదని మర్చిపోయాను.

ఆయన నవ్వు ఆపి నా వంక తిరిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఒకటో తేదీ."

"నువ్వు స్టోరుకొచ్చింది అయిదో తేదీ. గురువారం. క్లిప్పులు రెండు ప్యాకెట్లు పట్టుకెళ్ళావు." చీటీ చూడలేదు. నన్నే చూస్తూ చెప్పాడు. "ఏమన్నా తేడాగా ఉన్నానా అని అడిగాను నిన్ను. 'కొంచెం అలసటగా ఉన్నారేమో' అన్నావు."

ఒక్క అక్షరం పోలేదు.

"ఆ మాట విన్నాకే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమన్నాను దీన్ని. అప్పటిదాకా సగం నమ్మకం ఉండేది నా మీద నాకు. నువ్వు దగ్గరుండి విన్నదానివి కదా, నువ్వే అన్నావంటే నిజమే అనుకున్నాను."

క్షమించమన్నాను. కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. బల్ల మీద తీగలు ఒక్కొక్కటీ చుట్టి, నాకు నేర్పినట్టే చివర ముడి వేసి సంచిలో పెట్టి ఇచ్చాడు. కూతురు తలుపు దాకా వచ్చింది. ఈసారి అక్కా అనలేదు.

మార్చి 16

మేనేజరుకి రాసిచ్చాను, తేదీలతో సహా. ముందు నమ్మలేదు. ఆ 236 చూపించాక నమ్మాడు. "కేసు మూసేశాం కదమ్మా, ఇప్పుడెందుకు కెలుకుతావు? నీ పోస్టు కాగితం పైకి పంపించాను కూడా" అన్నాడు. వెనక్కి తెప్పించమన్నాను. బాబాయి సంతకం పెట్టిన ఆ కాగితం కూడా తీసెయ్యమన్నాను. "తీసెయ్యడం కుదరదు, నీది పైన పెడతాను" అన్నాడు.

రేపట్నుంచి మళ్ళీ కేబుళ్ళు.

మార్చి 19

నిద్ర పట్టింది, కానీ మధ్యలో లేచి కూర్చున్నాను. చెప్పేస్తే తేలికవుతుందంటారు. నాకైతే కాలేదు.

మార్చి 23

బాబాయి మళ్ళీ తన పాత కుర్చీలోకి వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. మాత్రలు మానేశాడని లోడింగు వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. పెద్ద స్విచ్ గది తాళం వేసి, లాగి చూడకుండా టీకి వెళ్ళాడు. నేను మెట్ల మీద ఉన్నాను. నన్ను చూసీ చూడనట్టు దాటిపోయాడు.

మార్చి 26

రెండో షెడ్డులో కొత్త లైను లాగాను. నిచ్చెన ఎక్కి ఫోన్ చేశాను.

"బాబాయ్, ఇరవయ్యో పోర్టు తెరవాలి."

కీబోర్డు చప్పుడు వినపడింది. ఒక్కసారే. ఆగి సరిచూసుకోలేదు.

"తెరిచానండి" అన్నాడు. "మీరు కలుపుకోవచ్చు."

పదకొండేళ్ళలో ఆయన నన్ను మీరు అనలేదు. ఫోన్ పెట్టేశాడు. తీగ గుచ్చాను. పచ్చ లైటు వెలిగింది, బెల్టులన్నీ తిరుగుతూనే ఉన్నాయి. కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది.